కాతిబ్ సాబ్ పోత్రీ

మొన్న ఒక ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అని అడిగితే నాకు నోరు పెగల్లేదు. ఇరవై యేళ్లు నిండినయి. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడతాను. మూడు జబానులు ఉండి కూడా ఆ చిన్న సవాల్‌కి జవాబ్ ఇవ్వలేకపోయాను. ఆ శర్మిందగీ ఇంకా పోలేదు. అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను.

నేను జహీరాబాద్‌లో బీఎస్సీ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీకి ఒక కంపెనీ వాళ్లు నౌకరీలు ఇస్తామని వచ్చారు. వారం ముందు నుంచే క్లాసంతా తయారీలో పడింది. మొదటి సవాల్ ఏం అడుగుతారో అందరికీ తెలుసు. నేనూ అందరిలాగే ఫోన్ తీసి ఏఐని అడిగాను. డిగ్రీ చదివిన అమ్మాయి ఇంటర్వ్యూలో తన గురించి ఏం చెప్పుకోవాలో ఇంగ్లీషులో రాసివ్వమన్నాను. నిమిషం కూడా పట్టలేదు. నేను బాగా కష్టపడతానట, కొత్త విషయాలు నేర్చుకోవడమంటే నాకు ప్రాణమట, పదిమందితో కలిసి పనిచేయగలనట. చదువుకుంటే నాకే ముచ్చటేసింది. మక్తబ్‌లో సబక్ యాద్ చేసినట్టు అద్దం ముందు నిలబడి యాద్ చేశాను.

ఇంటర్వ్యూ చేసిన మేడమ్ సగం దాకా విన్నారు. కోపమేమీ లేదు. "నీకంటే ముందు వచ్చిన ఇద్దరూ ఇదే చెప్పారమ్మా" అన్నారు. నా ముఖం చూసి జాలేసిందేమో, "సరే, అది పక్కన పెట్టు. తెలుగులోనే చెప్పు. నువ్వెవరు? ఇంట్లో వాళ్లేం చేస్తారు? నీకేది ఇష్టం?" అని అడిగారు. "మాది ఈ ఊరే మేడమ్" అన్నాను. ఆ తర్వాత మాట రాలేదు. సాయంత్రం పెట్టిన లిస్టులో నా పేరు లేదు.

ఇంటికొచ్చేసరికి దాదీమా పాన్‌దాన్ ముందేసుకుని కూర్చుంది. "క్యా పూఛే?" అంది. నువ్వెవరు అని అడిగారు దాదీమా, చెప్పడం రాలేదు అన్నాను. పడీ పడీ నవ్వింది. "బోల్నా థా నా, కాతిబ్ సాబ్ కీ పోత్రీ హూఁ బోల్‌కే!"

కాతిబ్ సాబ్ మనవరాలినని చెప్పొచ్చు అన్న సంగతి నాకు తట్టనే లేదు. మా మొహల్లాలో ఇప్పటికీ పెద్దవాళ్లు నన్ను అలాగే పిలుస్తారు. నేనే మరిచిపోయాను.

మా దాదా హైదరాబాద్‌లో ఒక ఉర్దూ అఖ్బార్‌లో కాతిబ్. ఈ కాలం పిల్లలకు ఆ మాట తెలియదు కాబట్టి చెప్తాను. ఉర్దూ రాసే నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు తెలుగులో లాగా విడివిడిగా వరసలో కూర్చోవు. పైనుంచి కిందికి ఏటవాలుగా జారుతూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. పక్కన ఏ హర్ఫ్ వస్తే దాన్ని బట్టి రూపం మారిపోతుంది. అందుకే సీసపు అచ్చుల మీద ఆ లిపి ఎప్పుడూ సరిగ్గా కుదరలేదు. తెలుగు, ఇంగ్లీషు పత్రికలు అక్షరాలు పేర్చుకుని అచ్చు వేస్తున్న రోజుల్లో కూడా ఉర్దూ అఖ్బార్‌ని మొదటి సఫా నుంచి ఆఖరి సఫా దాకా కాతిబ్‌లు చేత్తోనే రాసేవాళ్లు. ఆ రాతనే ప్లేటు మీదికి ఎక్కించి ఛాపేవాళ్లు. మద్రాసులో 1927లో మొదలైన ముసల్మాన్ అనే అఖ్బార్ కంప్యూటర్ల జమానా వచ్చాక కూడా అలా కలంతోనే రాసుకుంటూ వచ్చి దునియా అంతటా పేరు తెచ్చుకుంది.

దాదా సాయంత్రం అసర్ తర్వాత డ్యూటీకి కూర్చుంటే ఫజర్‌కి ముందు లేచేవారట. అర్ధరాత్రి ఏదైనా పెద్ద ఖబర్ వస్తే, రాసిన కాలమ్ గీకి పారేసి ఆ జాగాలోనే కొత్త ఖబర్ ఇరికించాలి. హర్ఫ్ చిన్నదవ్వాలి, అందం మాత్రం చెడకూడదు. దాదీమా నికాహ్ అయిన కొత్తలో పాతబస్తీలో ఒక గది ఇంట్లో ఉండేవాళ్లు. దాదా వేళ్ల మీది సియాహీ ఎంత కడిగినా పోయేది కాదనీ, రోటీ తెల్లగా ఉంటే ఆయన వేలి ముద్ర దాని మీద పడేదనీ దాదీమా ఇప్పటికీ చెప్తుంది.

1990ల మధ్యలో ఆ దఫ్తర్‌కి కంప్యూటర్ వచ్చింది. 1994లో ఢిల్లీలో తయారైన ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్‌తో, కీబోర్డు మీద టైప్ చేస్తే నస్తాలీఖ్ దానంతటదే అమరిపోతుంది. పదిమంది కాతిబ్‌లు రాత్రంతా చేసే పని ఇద్దరు కుర్రాళ్లు సాయంత్రానికి ముగించేశారు. దాదా సామాను సర్దుకుని జహీరాబాద్ వచ్చేశారు. ఇక్కడ దుకాణాలకు సైన్‌బోర్డులు రాశారు. ఉర్దూ ఆయన చేతిలోనే ఉంది, తెలుగు అక్షరాలు యాభై యేళ్ల వయసు దాటాక నేర్చుకున్నారు. పదేళ్లు అలా గడిచిందో లేదో ఫ్లెక్స్ మెషీన్ వచ్చింది. రెండు రోజులు పట్టే బోర్డు గంటలో చేతికొస్తుంటే కుంచె పట్టినవాడి దగ్గరికి ఎవరొస్తారు?

నాకు ఎనిమిదేళ్లప్పుడు దాదా గుజర్ గయే. ఆయన గురించి నాకున్న యాద్ ఒక్కటే. రెల్లు కలం చాకుతో చెక్కి నా చేతికిచ్చి అలిఫ్ రాయించేవారు. అలిఫ్ అంటే నిలువు గీతే కదా అని నేను గీసి పారేసేదాన్ని. ఆయన దాని పక్కన కలంతో మూడు చుక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించేవారు. నస్తాలీఖ్‌లో అలిఫ్ ఎత్తు మూడు చుక్కలు. ఎక్కువైనా గలత్, తక్కువైనా గలత్. ఆ కొలత కూడా ఎవరి కలానికి వాళ్లదే, ఎందుకంటే చుక్క సైజు నీ కలం మొన ఎంత ఉంటే అంత.

ఇప్పుడు అసలు కష్‌మకష్ చెప్తాను. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ వెళ్లి ఎంసీఏ చేయాలని నా ఇరాదా. బీఈడీ చేసి ఇక్కడే టీచర్ కావాలని అబ్బా పట్టు. అమ్మాయిని దూరం పంపడం ఇష్టం లేక కాదు. హైదరాబాద్ ఎంత దూరం, వంద కిలోమీటర్లు. బస్సెక్కితే మూడు గంటలు. అబ్బాకున్న ఫికర్ వేరు. "కంప్యూటర్ మేరే అబ్బా కీ ఉంగ్లియాఁ ఖాగయా" అంటారు. తన తండ్రి వేళ్లను తినేసిన దాని దగ్గరికే తన బిడ్డ వెళ్తానంటోందని ఆయన బాధ. పైగా ఏఐ వచ్చి కంప్యూటర్ చదివిన వాళ్ల నౌకరీలే పోతున్నాయని రోజూ వాట్సాప్‌లో చూస్తున్నారు. "దాదాను ఇంటికి పంపడానికి ముప్ఫై యేళ్ల నౌకరీ తర్వాత వచ్చింది అది. నిన్ను మొదటి రోజే పంపిస్తుంది" అన్నారు ఒక రాత్రి. నా దగ్గర జవాబ్ లేదు.

అబ్బా మెషీన్లకు భయపడే మనిషి కాదు. హైవే పక్కన ట్రాక్టర్ల మెకానిక్. మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉన్న ఊరు మాది. కొత్త ట్రాక్టర్లలో సెన్సార్లు వచ్చాక యూట్యూబ్ చూసి వాటి మరమ్మతు కూడా నేర్చుకున్నారు. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ మంజూరు చేసిన 12 ఇండస్ట్రియల్ స్మార్ట్ సిటీల్లో జహీరాబాద్ పేరు ఉందని తెలిసిన రోజు బజారు నుంచి మిఠాయి తెచ్చారు. ఊరు పెరుగుతుంది, పిల్లలు ఇక్కడే ఉండొచ్చు అని ఆయన ఆశ. కాబట్టి ఆయన మాటను పాతకాలపు భయం అని కొట్టిపారేయలేను. ఆయన కళ్లారా చూసిన సంగతి అది.

లిస్టులో పేరు రాని ఆ రాత్రి ఇషా తర్వాత నిద్ర పట్టలేదు. దాదా పని తీసుకున్న ఆ సాఫ్ట్‌వేర్‌కి నస్తాలీఖ్ ఎలా వచ్చింది అని మొదటిసారి వెతికాను. మూడేళ్లుగా కంప్యూటర్ చదువుతూ ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది.

ఇన్‌పేజ్‌లో ఉన్న లిపి పేరు నూరీ నస్తాలీఖ్. అది 1981లో తయారైంది. దాన్ని ఏ మెషీనూ కనిపెట్టలేదు. పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ అనే కళాకారుడు కూర్చుని, ఉర్దూలో అక్షరాలు ఎన్ని రకాలుగా కలుస్తాయో అన్నిటినీ, వేలకొద్దీ రూపాలను, ఒక్కొక్కటిగా చేత్తో రాశారు. మోనోటైప్ కంపెనీ వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. నూరీ అన్న పేరు కూడా ఆయన తండ్రి నూర్ అహ్మద్ పేరు మీద పెట్టుకున్నదే. అంటే ఈ నలభై యేళ్లుగా మనం అఖ్బార్‌లో, కితాబుల్లో, షాదీ రుఖాల మీద చూస్తున్న ఉర్దూ ఒక మనిషి చేతిరాత. మా దాదా పని తీసుకున్న కంప్యూటర్ లోపల కూర్చుని ఉన్నది కూడా ఒక ఖుష్‌నవీస్ చెయ్యే!

పొద్దున్నే చాయ్ దగ్గర అబ్బాకు ఈ కథంతా చెప్పాను. మెషీన్‌కు సొంతంగా ఏదీ రాదు అబ్బా, ఎవరో ఒకరు తమ హునర్ అందులో పెడితేనే వస్తుంది, నేను పెట్టే వాళ్లలో ఉండాలనుకుంటున్నాను అన్నాను. ఆయన కప్పు కింద పెట్టి చాలాసేపు ఏమీ అనలేదు. "అచ్ఛా. ఉస్‌కా నామ్ రహ్ గయా. మేరే అబ్బా కా?" అన్నారు. ఆయన పేరు మిగిలింది, మరి మా నాన్న పేరో?

ఆ మాట దగ్గర నా హుషారంతా దిగిపోయింది. ఒక్కరి చెయ్యి లోపలికి వెళ్తే వందలమంది చేతులు బయట ఉండిపోయాయి. ఇది కూడా సచ్ బాతే. రెండూ సచ్చే.

ఆ తర్వాత వారం ఇంకో సంగతి జరిగింది. దాదీమాకు బీదర్‌లో ఉండే చెల్లెలికి మెసేజ్ పంపాలనిపించింది. చూపు సరిగ్గా ఆనదు కాబట్టి మాట్లాడితే టైప్ అయ్యేలా ఫోన్‌లో ఉర్దూ పెట్టి ఇచ్చాను. "అంబాడే కీ భాజీ భేజ్ రయూఁ, డబ్బా హల్లూ ఖోలో, ధూప్ మే నక్కో రఖో" అంది. గోంగూర కూర పంపిస్తున్నా, డబ్బా మెల్లగా తెరువు, ఎండలో పెట్టకు అని. అది ఏదేదో రాసింది. అంబాడా ఎటో పోయింది. హల్లూ కాస్తా హలో అయింది. నక్కోను అది మాటగానే లెక్క చెయ్యలేదు. దాదీమా ఫోన్ నాకిచ్చేస్తూ "ఇస్‌కూ మేరీ బాతిచ్ సమఝ్ నై ఆతీ" అంది. కోపంగా కాదు, మామూలుగానే. ఎవరికో తన మాట అర్థం కాకపోవడం ఆమెకు కొత్త కాదు.

ఎందుకలా అయిందో నాకు తెలుసు, అది నేను చదివే సబ్జెక్టు. మనుషులు మాట్లాడిన రికార్డింగులు, వాటి పక్కనే ఆ మాటల రాత, ఇలా వేల గంటలు వినిపిస్తే మెషీన్ నేర్చుకుంటుంది. అందులో లేని మాట వస్తే తనకు తెలిసిన దగ్గరి మాట పెట్టేస్తుంది. హల్లూ తెలియదు, హలో తెలుసు. అంతే. కిందటి తరం సాఫ్ట్‌వేర్‌కు నస్తాలీఖ్ ఎలా ఒక చేతి నుంచి వచ్చిందో, ఈ తరం ఏఐకి మాట అలా నోళ్ల నుంచి వస్తోంది. ఎవరి నోటి మాట అందులో పడలేదో వాళ్లు దానికి లేనట్టే.

మన దఖ్నీకి అక్కడ జాగా తక్కువ. రాజ్యాంగం 8వ షెడ్యూల్‌లో 22 భాషలున్నాయి. తెలుగు ఉంది, ఉర్దూ ఉంది, దఖ్నీ లేదు. ఇదేమో నిన్న పుట్టిన జబాన్ కాదు. 15వ శతాబ్దంలో బహమనీల జమానాలో నిజామీ రాసిన కదమ్‌రావ్ పదమ్‌రావ్ మస్నవీ దఖ్నీదే. గోల్కొండ కులీ కుతుబ్ షా ఈ జబాన్‌లోనే షాయరీ చెప్పాడు. ముల్లా వజహీ 1635లో సబ్‌రస్ రాశాడు. ఆ బహమనీల రాజధాని బీదర్ మా ఊరికి గంట దూరం. అయినా కాలేజీలో హిందీ వాళ్ల ముందు నేనే "నక్కో" అనకుండా జాగ్రత్తగా "నహీఁ" అంటాను. అన్నందుకు నవ్విన వాళ్లున్నారు మరి. ఫోన్ ఒక్కదాన్నే ఏమని తప్పు పట్టను?

ఈ బాధంతా మోసుకుంటూ ఉండగా నాకు మాచనూరు యాదికొచ్చింది. మొదటి సంవత్సరంలో మా క్లాసు వాళ్లం అక్కడి సంఘం రేడియో చూడటానికి వెళ్లాం. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వాళ్లది అది. 2008 అక్టోబర్ 15న మొదలైంది. 90.4 ఎఫ్ఎం. నడిపేది జొన్నలు, కొర్రలు పండించే దళిత ఆడవాళ్లు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అన్న పేర్లు మా వైపు చాలామందికి తెలుసు. ఆ సంఘాల ఆడవాళ్లే వీడియో కెమెరాలు కూడా పట్టారు. వాళ్లలో చదవడం రాయడం రానివాళ్లున్నారు. కెమెరా భాషంతా ఇంగ్లీషు. అయితే వాళ్లు ఆ ఇంగ్లీషు నేర్చుకునేదాకా ఆగలేదు. పైనుంచి కిందికి తీసే షాట్‌కు పటేల్ షాట్ అని పేరు పెట్టారు, ఎందుకంటే పటేల్ అలాగే చూస్తాడు. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా కెమెరా పెట్టి తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు కదా!

అప్పుడు విని నవ్వుకుని వచ్చేశాను. ఇప్పుడు దాని విలువ తెలుస్తోంది. వాళ్లు తమ జిందగీలో చూసిన సంగతితోనే మెషీన్‌కు పేరు పెట్టారు. డిగ్రీ చదివిన నేనేమో నా గురించి నేను చెప్పుకోవడానికి మెషీన్‌ను అడిగాను. ఏఐని అడగడం గునాహ్ అని నేననడం లేదు. రేపు కూడా అడుగుతాను. లెక్కలు అడుగుతాను, కోడ్‌లో తప్పు ఎక్కడుందో అడుగుతాను. "నేనెవరు" అని మాత్రం అడగను. దానికి తెలియదు. తెలియదని కూడా చెప్పదు.

ఇక ముందు ఏం చేయాలనుకుంటున్నానో రాస్తాను. రాసి పెట్టుకుంటే మాట తప్పడం కష్టమవుతుంది.

మొదటిది, ఐసెట్ రాసి ఎంసీఏలో చేరడం. గచ్చిబౌలిలో 1998 నుంచి మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది, ఎంసీఏ అక్కడే చేస్తే ఎంత బాగుండు అనుకున్నాను. అక్కడ చేరాలంటే ఉర్దూ చదువుకుని ఉండాలి. నేను ఒకటో క్లాసు నుంచి తెలుగు మీడియం. ఖురాన్‌షరీఫ్ జేర్ జబర్‌లు చూసి చదువుతాను గానీ, అవేవీ లేని ఉర్దూ అఖ్బార్ పట్టుకుంటే తడబడతాను. కాతిబ్ సాబ్ పోత్రీకి ఉర్దూ సరిగ్గా చదవడం రాదు! ఈ మాట రాయడానికి చెయ్యి ఆడలేదు, అయినా నిజం కాబట్టి రాశాను. కాబట్టి రెండోది, వచ్చే రంజాన్ లోపల ఉర్దూ గడగడా చదవడం. దాదా సందూక్‌లో ఆయన రాసిన కాగితాలు కొన్ని మిగిలాయి. రోజూ ఒకటి తీసి దాదీమా ముందు కూర్చుంటున్నాను. ఆమెకు చూపు ఆనదు, నాకు చదవడం రాదు. ఇద్దరం కలిస్తే ఒక పేరా అవుతోంది.

మూడోది దాదీమా మాటలు. రోజూ ఇషా తర్వాత పది నిమిషాలు ఆమె చెప్పేది రికార్డు చేస్తున్నాను. వంటలు, పొడుపు కథలు, షాదీల్లో పాడే ధోలక్ గీతాల కథలు, బావుల పేర్లు, చెట్ల పేర్లు. పక్కన ఆ మాటల రాత కూడా రాసిపెడుతున్నాను, ప్రస్తుతానికి తెలుగు అక్షరాల్లో. మొదట ఆమె ఇజాజత్ అడిగాను. "రిష్తేదారోఁ కీ బాతాఁ నక్కో డాల్" అని షర్తు పెట్టింది. చుట్టాల మీద చెప్పిన మాటలు మాత్రం అందులో పెట్టొద్దట. నవ్వొచ్చింది గానీ అది చిన్న షర్తు కాదు. మనిషి గొంతు అమానత్. ఎవరికి ఇస్తున్నాం, వాళ్లు దానితో ఏం చేస్తారు అని తెలుసుకోకుండా ఏ యాప్‌లో పడితే ఆ యాప్‌లో పోయలేం. 2017 నుంచి కామన్ వాయిస్ లాంటి పనులు ఉన్నాయి, అందులో జనమే తమ గొంతు ఇష్టపడి ఇస్తారు. 2022లో సర్కార్ భాషిణి మొదలుపెట్టింది. ఎంసీఏలో వీటి లోపలి పని నేర్చుకుని, ఆ తర్వాత దాదీమా గొంతు ఎక్కడికి వెళ్లాలో నిర్ణయిస్తాను. అప్పటిదాకా నా దగ్గరే భద్రంగా ఉంటుంది.

నాలుగోది అబ్బా మాట. ఎడ్‌సెట్ కూడా రాస్తున్నాను. ఇది ఓడిపోవడం కాదు. అబ్బా అన్నది నిజం కావచ్చు, ఏ దర్వాజా ఎప్పుడు మూసుకుంటుందో ఎవరికి తెలుసు? మొన్న ఇద్దరం నెట్ సెంటర్‌కు వెళ్లి రెండు ఫారాలూ నింపించాం. ఫీజు ఆయనే కట్టారు. కుర్రాడు టైప్ చేస్తుంటే వెనక నిలబడి స్క్రీన్ వైపు చూస్తూ, "ఉర్దూలో పేరు రాసే ఖానా లేదా ఇందులో?" అని అడిగారు. లేదన్నాడు కుర్రాడు. అబ్బా నా వైపు చూసి చిన్నగా తల ఊపారు. ఆ ఊపుకు అర్థం ఏమిటో నేను అడగలేదు.

ఇంకో ఇంటర్వ్యూ ఎప్పుడొస్తుందో తెలియదు. వస్తే చెప్పడానికి నాలుగు మాటలు నేనే రాసుకున్నాను. మా దాదా హైదరాబాద్‌లో కాతిబ్. మా అబ్బా ట్రాక్టర్లు బాగుచేస్తారు. మా దాదీమా మాట్లాడేది ఫోన్‌కు అర్థం కాదు, అర్థమయ్యేలా చేయడం నాకు ఇష్టం. అందుకే కంప్యూటర్ చదివాను. ఇంగ్లీషులో చెప్తే గ్రామర్ తప్పులు రావచ్చు. రానీ.

చదివిన వాళ్లకు ఒక గుజారిష్. మీ ఇంట్లో నానీ, దాదీ, దాదా ఎవరున్నా ఈ రాత్రి ఫోన్ పక్కన పెట్టి, వాళ్లను ఒక పాత కిస్సా అడగండి. వాళ్లు ఒప్పుకుంటే రికార్డు చేయండి. మీ ఇంట్లో మాత్రమే వినిపించే మాట ఏదైనా ఉంటే రాసి పెట్టండి. మా దాదా గొంతు మా దగ్గర ఒక్క నిమిషం కూడా లేదు. ఐసెట్ దగ్గర పడింది, దువాల్లో యాద్ ఉంచుకోండి.